తినే కూటి మీద మళ్ళీ పన్ను వద్దు

ఏర్పేడు: పంచాయతీలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలి, సొంత రాబడి పెంచుకోవాలి అని పైనుంచి చెప్పే మాట ఏటేటా గట్టిపడుతోంది. మాట మంచిదే. అయితే రాబడి పెంచాలనేసరికి అందరి చూపూ మొదట పడేది రోడ్డు పక్క టిఫిను అంగడి మీద, సంతలో కూరగాయల గంప మీద, కిరాణా అంగట్లోని బియ్యం సంచి మీద. అక్కడ రోజూ డబ్బు చేతులు మారుతుంది. అడిగితే కాదనే ధైర్యం ఆ మనుషులకు ఉండదు. అందువల్ల తిండి మీద, కాఫీ టీల మీద స్థానికంగా ఒక పన్నో, రుసుమో వేస్తే ఊరి ఖర్చులు వెళ్ళిపోతాయనే సలహా తేలికగా పుడుతుంది. ఈ సలహా ఏ పార్టీ వారి నుంచి వచ్చినా, ఏ అధికారి నుంచి వచ్చినా గ్రామస్థులు ఒప్పుకోరాదు. ఎందుకు ఒప్పుకోరాదో లెక్కలతో సహా చెప్పుకోవడం అవసరం.

చట్టంలో ఉన్న పాత పేరు

తిండి మీద స్థానిక పన్ను అనేది ఎక్కడో విదేశాల్లో ఉండే వింత కాదు. మన చట్టంలోనే దానికి ఒక పేరుంది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 60వ సెక్షనులో పంచాయతీ వేయవలసిన పన్నుల వరుసలో ఇంటిపన్ను తర్వాత కనిపించేది కొలగారం. దీనికే కాటారుసుం అని మరో పేరు. గ్రామంలో పండిన సరుకును ఆ గ్రామంలోనే తూకం మీదనో, కొలత మీదనో, లెక్క మీదనో అమ్మితే దానిపై పడే పన్ను ఇది. వడ్లు, చెనిక్కాయలు, చింతపండు, వంకాయలు, మామిడికాయలు, ఏవైనా కాటా ఎక్కితే రుసుము కట్టాలన్నమాట.

ఇది గాక సంతల్లో ఆశీళ్ళు ఉన్నాయి. గంపకింత, బండికింత, మేకకింత అని ధర కట్టి, వసూలు చేసుకునే హక్కును ఏడాదికోసారి వేలం వేస్తారు. ఇంకా వ్యవసాయ మార్కెట్ కమిటీ సెస్సు ఉంది. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఆ సెస్సు కొనే వ్యాపారి కట్టాలి. ఆచరణలో ఏం జరుగుతుందో రైతుకు తెలుసు. వ్యాపారి ఆ సెస్సును ముందే మనసులో లెక్క వేసుకుని, ఆ మేరకు ధర తగ్గించి అడుగుతాడు. కాగితం మీద కట్టేది వ్యాపారి, నిజంగా మోసేది రైతు.

అంటే సరుకు రైతు చేతిలో నుంచి బయలుదేరి మన పళ్ళెంలోకి వచ్చేలోగా ఇప్పటికే మూడు నాలుగు చోట్ల సుంకం కడుతోంది. ఆ పైన జీఎస్‌టీ. వీటన్నిటి మీదా మరొక స్థానిక పన్ను అంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

ఇక్కడ న్యాయపరమైన ప్రశ్న కూడా ఒకటుంది. 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ తర్వాత సరుకుల అమ్మకం మీద విడిగా పన్ను వేసే రాష్ట్రాల అధికారం చాలా కుంచించుకుపోయింది. పెట్రోలు, డీజిలు వంటి చమురు సరుకులకు, మద్యానికి మాత్రమే అది మిగిలింది. ఊళ్ళోకి సరుకు వస్తే వేసే ప్రవేశపన్ను పోయింది. 2017 జూలై 1న జీఎస్‌టీ అమలులోకి వచ్చినప్పుడు ప్రజలకు చెప్పిన మాట ఒక్కటే. దేశమంతటా ఒకే పన్ను, దాని పైన మరో పన్ను ఉండదని. రాష్ట్రమే వేయలేని అమ్మకపు పన్నును రాష్ట్రం ఇచ్చిన అధికారంతో నడిచే పంచాయతీ ఎలా వేయగలదు? పాత చట్టంలో మాట మిగిలి ఉన్నంత మాత్రాన దాన్ని దుమ్ము దులిపి బయటికి తీయడం న్యాయం కాదు.

మన జిల్లాకు గుర్తుండవలసిన చరిత్ర

అమ్మకపు పన్ను ఎలా పుట్టిందో మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా గుర్తుండాలి. అప్పటి చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1937లో అధికారంలోకి వచ్చిన రాజాజీ ప్రభుత్వం ముందుగా సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడాది, 1938లో, దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. సారా, కల్లు పాటల మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో మద్రాసు ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. సాధారణ సరుకులన్నిటి అమ్మకాల మీద ఒక రాష్ట్రం పన్ను వేయడం దేశంలో అదే మొదలు.

ఉద్దేశం గొప్పదే. తాగుడు మాన్పించి, ఆ నష్టాన్ని అందరూ కొద్దికొద్దిగా పంచుకోవాలని. కాని తర్వాత జరిగిందేమిటి? మద్యనిషేధం కాలక్రమంలో పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అమ్మకపు పన్ను మాత్రం ఉండిపోయింది. మద్రాసు చట్టం నుంచి 1957 ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టానికి, అక్కడి నుంచి 2005లో వ్యాట్‌కు, 2017లో జీఎస్‌టీకి పేరు మార్చుకుంటూ వచ్చింది. దేనికోసం పన్ను వేశారో ఆ కారణం పోయినా పన్ను పోదు. ఈ పాఠం మన జిల్లా వారికి ఎనభై ఏళ్ళకు పైగా అనుభవమే. కనుక 'ఇప్పటికి కొద్దిగా వేద్దాం, వీధిదీపాల బాకీ తీరాక ఎత్తేద్దాం' అని ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు.

తిండి మీద పన్నుకు జనం ఎదురు తిరిగిన చరిత్ర కూడా మనదే. 1930లో గాంధీగారు దండికి నడిచింది ఉప్పు పన్ను మీద. ఉప్పు లేనిదే బీదవాడి సంగటి కూడా దిగదు గనుకే ఆ పన్నును ఆయన ఎంచుకున్నారు. చివరికి 1947లో అది రద్దయింది. అంతకు ముందే 1921లో చీరాల, పేరాల ప్రజలు తాము కోరని మునిసిపాలిటీని, దాని పన్నులను భరించలేక దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో ఇళ్ళు వాకిళ్ళు వదలి, ఊరి బయట రామనగరం వేసుకుని సుమారు పదకొండు నెలలు గుడిసెల్లో గడిపారు. స్థానిక పన్ను గదా, చిన్నదే గదా అని పాలకులు తేలికగా తీసుకోరాదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

26 కిలోల బస్తా చెప్పే పాఠం

పాత సంగతులు అలా ఉంచి, మొన్న మొన్నటి సంగతి చూద్దాం. 2022 జూలై 18 నుంచి సంచి కట్టి, పేరు ముద్రించి అమ్మే బియ్యం, పప్పులు, గోధుమపిండి వంటి వాటిపైనా, పాకెట్టు పెరుగు, మజ్జిగలపైనా 5 శాతం జీఎస్‌టీ వేశారు. అంతకు ముందు రిజిస్టరైన బ్రాండు ఉన్న బియ్యం మీదే ఆ పన్ను ఉండేది. కొత్త నిబంధనలో ఒక మినహాయింపు పెట్టారు. సంచిలో 25 కిలోలకు మించి ఉంటే పన్ను లేదు. విడిగా తూచి అమ్మితే పన్ను లేదు.

ఏం జరిగిందో అందరూ చూశారు. మార్కెట్‌లోకి 26 కిలోల బస్తా వచ్చింది. ఒక్క కిలో ఎక్కువ పోసి మిల్లుల వారు పన్ను తప్పించారు. అది చట్టానికి విరుద్ధం కాదు. చట్టమే ఆ దారి చూపించింది. దీనివల్ల ప్రభుత్వానికి వచ్చిందెంతో గాని, భారం ఎవరి మీద పడిందో లెక్క వేయడం కష్టం కాదు.

కిలో బియ్యం 50 రూపాయలనుకుందాం. చేతిలో డబ్బున్న ఇంటాయన 26 కిలోల బస్తా ఒకేసారి 1,300 రూపాయలిచ్చి కొంటాడు. పన్ను సున్న. వారం కూలి చేతికి వస్తే గాని అంగడికి పోలేని ఇంటామె 10 కిలోల సంచి కొంటుంది. 500 రూపాయల బియ్యానికి 25 రూపాయల పన్ను. అదే 26 కిలోలు ఆమె చిన్న సంచులుగా కొంటే నెలకు 65 రూపాయలు, ఏడాదికి 780 రూపాయలు ఎక్కువ ఇచ్చుకోవాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పని రోజు కూలి 307 రూపాయలు. అంటే రెండున్నర రోజుల కూలి. ఒకే బియ్యం, ఒకే అంగడి. ఉన్నవాడికి పన్ను లేదు, లేనివాడికి ఉంది. తిండి మీద వేసే పన్నులన్నిటికీ ఇదే గుణం. ఎన్ని మినహాయింపులు రాసినా వాటిని వాడుకునేవాడు తెలివీ డబ్బూ ఉన్నవాడే.

2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు సవరించినప్పుడు చపాతీ, పరోటా, పాకెట్టు పనీరు వంటి వాటి మీద పన్ను పూర్తిగా తీసేశారు. నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషమే. కాని మనం తినేది అన్నం. 25 కిలోల లోపు సంచి బియ్యం మీది 5 శాతం అప్పుడు కదల్లేదు.

ఒక పక్క 2023 జనవరి నుంచి రేషను బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. పట్టణాల్లో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచి ఐదు రూపాయలకు భోజనం పెడుతున్నారు. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన నాటి నుంచి ఈ రాష్ట్రంలో ప్రతి ప్రభుత్వం బీదవాడి తిండికి సాయం చేయడం తన ధర్మమని ఒప్పుకుంది. ఒక చేత్తో బియ్యం పెట్టి, మరో చేత్తో అదే అంగట్లో పన్ను గుంజుకోవడం ఏ ధర్మమో పాలకులే చెప్పాలి.

ఎవరి జేబు మీద ఎంత?

పన్ను ఎంత చిన్నదైనా అది ఎవరి ఖర్చులో ఎంత భాగమో చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లెవాసుల ఖర్చులో తిండి వాటా సుమారు 47 శాతం. పట్టణవాసులకు అది సుమారు 40 శాతం. పల్లెలో రూపాయి ఖర్చయితే దాదాపు సగం నోటి కిందికే పోతోంది. కాబట్టి తిండి మీద పన్ను వేస్తే పట్టణం కన్నా పల్లెకు దెబ్బ ఎక్కువ. పల్లెలోనూ ఉద్యోగస్థుడి కన్నా కూలికి, రైతు కన్నా కౌలుదారుకు ఎక్కువ.

నెలకు 12 వేల రాబడి ఉన్న ఇంట్లో 6 వేలు తిండికి పోతుందనుకుందాం. నూటికి ఒక రూపాయి చొప్పున 60 రూపాయలు పన్ను. అది ఆ ఇంటి రాబడిలో రెండువందల వంతు. లక్షా ఇరవై వేల జీతం ఉన్న ఇంట్లో తిండికి 15 వేలు అవుతుందనుకుందాం. 150 రూపాయలు పన్ను. అది ఆ ఇంటి రాబడిలో ఎనిమిది వందల వంతు. పైకి చూస్తే ఎక్కువ తిన్నవాడు ఎక్కువ కట్టాడు. లోపల చూస్తే లేనివాడు నాలుగింతలు మోశాడు.

'దారినపోయేవాళ్ళే కడతారు' అనే వాదం

ఏర్పేడు వంటి ఊళ్ళ విషయంలో ఒక వాదం వినిపిస్తుంది. ఒక పక్క తిరుపతి, మరో పక్క శ్రీకాళహస్తి. నడుమ రాకపోకలు ఆగని రోడ్డు. వ్యాసాశ్రమానికి, గుడిమల్లం గుడికి వచ్చే భక్తులున్నారు. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఇప్పుడు ఈ మండలంలోనే సొంత భవనాల్లో నడుస్తున్నాయి. విద్యార్థులు, అధ్యాపకులు, పనివాళ్ళు, చూడవచ్చే బంధువులు. వీళ్ళంతా హోటళ్ళలో తింటారు, కాఫీలు తాగుతారు. బయటివాళ్ళ దగ్గర రూపాయి తీసుకుంటే మన ఊరివాడికి నొప్పేమిటి అని ఆ వాదం.

వినడానికి బాగుంది. కాని బయటివాడికి కాళ్ళున్నాయి, బండి ఉంది. ఇక్కడ దోసె రెండు రూపాయలు ఎక్కువైతే అతను శ్రీకాళహస్తిలోనో, రేణిగుంటలోనో తింటాడు. ఇక్కడ టిఫిను చేసేది మాత్రం ఊరివాళ్ళే. తెల్లవారుజామున పనికి పోయే మేస్త్రీ, ఆటో డ్రైవరు, రైలు కోసం వచ్చే కూలి, ఆఫీసు పనికి పల్లె నుంచి వచ్చిన రైతు. పొద్దున్నే ఇంట్లో పొయ్యి వెలిగించే తీరిక లేనివాడే రోడ్డు పక్క ఇడ్లీ తింటాడు. పన్ను చివరికి నిలిచేది కదలలేనివాడి మీద.

ఇక బయటివాడూ తినడం మానలేదనుకుందాం. అప్పుడైనా దోసె ధర పెంచడం టిఫిను అంగడి ఆమెకు అంత సులువు కాదు. పక్క అంగట్లో ఎంతకిస్తే తానూ అంతకే ఇవ్వాలి. గ్యాసు, నూనె, మినపప్పు ధరలు పెరిగినప్పుడే ఆమె దోసె మందం తగ్గించి నెట్టుకొస్తోంది. పన్ను వస్తే అది ఆమె లాభంలో నుంచి పోతుంది. ఆ లాభమే ఆమె రోజు కూలి.

చట్టం కూడా ఆ చిన్న అంగళ్ళను గుర్తించే మినహాయించింది. హోటలు వ్యాపారంలో ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు అమ్మకాలు ఉంటే జీఎస్‌టీ రిజిస్ట్రేషను అవసరం లేదు. అంటే రోజుకు సుమారు 5,500 లోపు. అంతకు మించిన మామూలు హోటళ్ళు 2017 నవంబరు నుంచి 5 శాతం కడుతున్నాయి. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న హోటలు ఆ పన్నును బిల్లులో కలిపి మన దగ్గర వసూలు చేయకూడదన్న నిబంధన కూడా ఉంది. పెద్దవాళ్ళు ఇప్పటికే కడుతున్నారు, చిన్నవాళ్ళను కేంద్రమే వదిలేసింది. స్థానిక పన్ను పేరుతో కేంద్రం వదిలినవాళ్ళను పంచాయతీ పట్టుకోవడం ఎంత విడ్డూరం!

వసూలు ఖర్చు తీస్తే మిగిలేదెంత?

సరే, వేశారనుకుందాం. వసూలు ఎలా? ఒక టిఫిను అంగడి రోజుకు 4 వేలు అమ్ముతుందనుకుంటే నూటికి ఒక రూపాయి చొప్పున రోజుకు 40, ఏడాదికి 14,600 రూపాయలు. అలాంటివి ఇరవై అంగళ్ళున్నాయనుకుంటే ఏడాదికి 2,92,000. అదీ ఒక్క రోజు కూడా మూయకుండా, ఒక్కరూ ఎగవేయకుండా ఉంటే. ఇరవై అంగళ్ళ లెక్క చూడడానికి ఒక మనిషిని నెలకు 10 వేలకు పెట్టుకున్నా ఏడాదికి 1,20,000 అతనికే పోయింది. మిగిలిన దానిలో రసీదు పుస్తకాలు, తగాదాలు, బకాయిలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే.

మనిషిని పెట్టకుండా వేలం వేస్తే ఇంకా ప్రమాదం. పాడుకున్నవాడు పెట్టిన డబ్బుకు రెండింతలు రాబట్టాలని చూస్తాడు. బోర్డులో రాసిన రేటు ఒకటి, గంప దగ్గర అడిగేది మరొకటి కావడం ఆశీళ్ళలో ఎందరో చూసిన సంగతే. రెండు గంపల కూరగాయలు తెచ్చిన ముసలమ్మ రసీదు అడగదు. అడిగినా అందులో ఏం రాశారో చదువుకోలేదు. ఊరికి వచ్చే రాబడి ఒక వంతు, మధ్యవాడి సంపాదన ఒక వంతు, బీదవాళ్ళ ఉసురు రెండు వంతులు.

ఇతర దేశాల అనుభవం

ఇది మన దగ్గరే వచ్చే చిక్కు కాదు. డెన్మార్క్ దేశం 2011 అక్టోబరులో వెన్న, మాంసం వంటి కొవ్వు పదార్థాల మీద ప్రత్యేక పన్ను వేసింది. ప్రజల ఆరోగ్యం కోసమే అన్నారు. జనం సరిహద్దు దాటి జర్మనీకి, స్వీడనుకు పోయి కొనుక్కున్నారు. అంగళ్ళవాళ్ళు లెక్కలు రాయలేక గోల పెట్టారు. పదిహేను నెలలు తిరిగేసరికి, 2013 జనవరి నుంచి, ఆ పన్ను ఎత్తేశారు. సరిహద్దు దగ్గరున్న చోట తిండి మీద పన్ను నిలవదని చిన్న దేశమే తెలుసుకుంటే, పక్క ఊరు నాలుగు మైళ్ళు కూడా లేని పంచాయతీ మాటేమిటి?

అమెరికాలో కౌంటీలు, పట్టణాలు హోటలు భోజనం మీద విడిగా స్థానిక పన్ను వేస్తాయి. ఇండియానా రాష్ట్రంలోని మన్రో కౌంటీ 2017 డిసెంబరులో తిండి, పానీయాల మీద నూటికి ఒకటి చొప్పున పన్ను వేసింది. సమావేశ భవనం ఒకటి పెంచి కట్టాలని ఉద్దేశం. మరుసటి ఏడాది నుంచి వసూలు మొదలైంది. భవనం ఎవరి అజమాయిషీలో ఉండాలనే తగవు మాత్రం నగరానికీ కౌంటీకీ మధ్య ఏళ్ళ తరబడి సాగింది. తిన్న ప్రతి ఒక్కరూ ఆ రోజే కట్టారు. కట్టవలసిన భవనం కోసం ఏళ్ళు కాచుకున్నారు. వసూలు వెంటనే, పని నిదానంగా అనేది ఏ దేశంలోనైనా స్థానిక పన్నుల తీరు.

మన పొరుగున కేరళ ప్రభుత్వం 2016లో పేరున్న కంపెనీల హోటళ్ళలో అమ్మే పిజ్జాలు, బర్గర్ల మీద 14.5 శాతం పన్ను వేసింది. అది వేరు. అది ఖరీదైన తిండి, పెద్ద కంపెనీల వ్యాపారం. పంచదార కలిపిన కూల్‌డ్రింకుల మీద ఇప్పుడు కేంద్రం 40 శాతం జీఎస్‌టీ వేస్తోంది. దానికీ మనం అడ్డు చెప్పడం లేదు. ఇడ్లీని, సంగటిని, మజ్జిగను వాటితో ఒకే గాట కట్టవద్దన్నదే మన వాదన.

రాబడి లేక కాదు, అడగక

పన్ను వద్దంటే వీధిదీపాలు ఎలా వెలుగుతాయి, మంచినీళ్ళ మోటారు ఎలా తిరుగుతుంది, చెత్త ఎవరు ఎత్తుతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పంచాయతీకి డబ్బు కావాలి. సర్పంచుల కష్టం ఎవరూ కాదనరు. అయితే డబ్బు ఉన్న చోట అడగాలి.

మొదటిది భూమి. ఐఐటీ, ఐసర్ వచ్చాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు ఎలా పెరిగాయో వేరే చెప్పనక్కర లేదు. భూమి చేతులు మారినప్పుడు స్టాంపు డ్యూటీతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం వసూలవుతుంది. అది స్థానిక సంస్థలకు చెందవలసిన డబ్బు. ఎకరా 50 లక్షలకు రిజిస్టరయితే ఆ సుంకం 75 వేలు. పైన చెప్పుకున్న టిఫిను అంగడి ఐదేళ్ళు కట్టినా అంత కాదు. ఆ సుంకం సకాలంలో, పూర్తిగా ఊరికి చేరుతోందా అని గ్రామసభ నిలదీయాలి.

రెండవది లేఅవుట్లు. అనుమతి లేకుండా రాళ్ళు పాతి ప్లాట్లు అమ్ముకున్నవారు ఊరి రోడ్డు వాడుకున్నారు, ఊరి నీళ్ళు అడుగుతున్నారు. వారి దగ్గర రావలసిన ఫీజులు రాబట్టాలి.

మూడవది ఇంటిపన్ను. పూరిల్లు వంటి చిన్న ఇంటికి ఏటా నోటీసు వస్తుంది. అద్దెలకిచ్చిన మూడంతస్తుల మేడలు పాత కొలతల మీదే కడుతుంటాయి. కొత్త కట్టడాలను కొలిచి సరిగా పన్ను వేస్తే రేటు పెంచకుండానే రాబడి పెరుగుతుంది. సెల్‌ టవర్ల మీద ఆస్తిపన్ను వేయవచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎన్ని టవర్లు కడుతున్నాయి, ఎన్ని కట్టడం లేదు అనేది నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి.

నాలుగవది ఇసుక, కంకర, రాయి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊళ్ళకు ఈ సంగతి వివరించనక్కర లేదు. ఖనిజాల మీద వచ్చే సీనరేజిలో స్థానిక సంస్థల వాటా ఉంది. లారీలు పాడు చేసేది మన రోడ్డు. ఆ వాటా మన పంచాయతీకి ఎంత వచ్చిందో లెక్క చెప్పాలి.

అయిదవది, అన్నిటికన్నా పెద్దది, ఆర్థిక సంఘం నిధులు. ఇవి రాజ్యాంగం ప్రకారం పంచాయతీలకు వచ్చేవి. 2021, 2022 సంవత్సరాల్లో రాష్ట్రంలో ఈ నిధులను పాత కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారు. ఖాతాలు ఖాళీ అయ్యాయని సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. ఏ ప్రభుత్వం ఉన్నా సరే, పైనుంచి వచ్చిన డబ్బును పైననే పట్టుకుని, కింద సర్పంచును 'నీ ఊళ్ళో పన్ను వేసుకో' అనడం న్యాయం కాదు. కరెంటు బిల్లు తగ్గాలంటే వీధిదీపాలు పగలు వెలగకుండా చూసినా కొంత మిగులుతుంది.

ఈ అయిదూ సరిగా వసూలు చేసి, లెక్క చూపించి, అప్పటికీ చాలలేదని రుజువు చేస్తే ప్రజలు ఆలోచిస్తారు. ఉన్నవాడి దగ్గర అడగడానికి మొహమాటం, లేనివాడి దగ్గర అడగడానికి అధికారం అన్న పద్ధతిని మాత్రం ఒప్పుకోరు.

చేయవలసినది

మొదట, పంచాయతీరాజ్ చట్టంలో మిగిలి ఉన్న కొలగారం నిబంధనను రాష్ట్ర ప్రభుత్వం తొలగించాలి. మన శాసనసభ్యులు ఈ మాట సభలో అడగాలి. వాడుకలో లేదు గదా అని ఊరుకోవడం మంచిది కాదు. వాడుకలో లేనిదైతే పుస్తకంలో ఎందుకు?

రెండవది, సంతల్లో చిన్న రైతులు, నెత్తిన గంప పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఆశీళ్ళు కట్టనక్కర లేకుండా చేయాలి. లారీ, ట్రాక్టరు తెచ్చే వ్యాపారి దగ్గర తీసుకుంటే చాలు. రేట్ల బోర్డు సంత గేటు దగ్గర పెద్ద అక్షరాలతో పెట్టాలి.

మూడవది, 25 కిలోల మెలిక తీసేసి, ఏ సంచిలో ఉన్నా బియ్యం, పప్పుల మీద జీఎస్‌టీ ఎత్తేయాలని రాష్ట్ర ప్రభుత్వం జీఎస్‌టీ మండలిలో పట్టుబట్టాలి. చపాతీకి ఇచ్చిన మినహాయింపు అన్నానికి ఎందుకు ఇవ్వరు?

నాలుగవది మనం చేయవలసినది. గ్రామసభ అంటే నలుగురు సంతకాలు పెట్టి లేచిపోయే తంతుగా వదిలేస్తున్నాం. ఏ కొత్త పన్ను, రుసుము మాట వచ్చినా అది తీర్మానంగా మారకముందే అభ్యంతరం చెప్పాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. హోటలు పెట్టుకున్నవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు, రైతులు, కూలీలు ఎవరికి వారు కాకుండా కలిసి పోవాలి. ఈ పన్ను అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య తగాదా పెట్టే పన్ను. ఆ తగాదాలో ఇద్దరూ నష్టపోతారు.

ఊరు బాగుపడాలంటే డబ్బు కావలసిందే. ఆ డబ్బు భూమి మీద లాభం గడించినవాడి దగ్గర, మేడలు అద్దెకిచ్చినవాడి దగ్గర, నదిలో ఇసుక తీసుకుపోయేవాడి దగ్గర అడగండి. పొద్దున్నే పనికి పోతూ రెండు ఇడ్లీలు తినేవాడి పళ్ళెంలో చేయి పెట్టకండి.